నీళ్లలో మేత

పార్సిల్‌లో వచ్చిన నీటిమొక్కలను తొట్టిలో నాటాక ఆకులు కరిగిపోతే భయపడకండి. ఈ ఒక్క ముక్క చెప్పడానికే నా ఉద్యోగ జీవితంలో సగం ఖర్చయింది. ఆత్మకూరులో చేపల తొట్టెలు అమ్మే కొట్లో చాలా ఏళ్లు పనిచేసి, మోకాళ్లు మొరాయించాక మానుకున్నవాణ్ణి. ఇప్పుడు ఆ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఫోన్ చేసి అడుగుతుంటారు, "ఏందన్నా, నిన్న పచ్చగా ఉన్నింది, ఈ పొద్దు జావ మాదిరి అయిపోయింది" అని. వాళ్లకు నేను చెప్పేది ఎప్పుడూ ఒకటే. వేరు కదపొద్దు, ఎరువు వేయొద్దు, లైటు తక్కువ పెట్టి ఊరికే చూస్తూ కూర్చోండి. అన్నిటికంటే ఆ కూర్చోవడమే కష్టం.

సంగతేమిటంటే, ఆ మొక్కలను పెంచేచోట అవి కాళ్లు నీళ్లలో, తల గాలిలో పెట్టుకుని పెరుగుతాయి. కాబట్టి వాటి ఆకు గాలి కోసం పుట్టిన ఆకు. తడి పేపర్లో చుట్టుకుని, చీకటి డబ్బాలో ఎక్కడెక్కడో తిరిగి వచ్చి, మన తొట్టిలో నిలువునా మునిగేసరికి ఆ ఆకుకు దిక్కు తోచదు, కరిగిపోతుంది. వేరు బాగుంటే మొక్క మళ్లీ ఆకు వేస్తుంది, ఈసారి నీళ్లలో బతికే ఆకు. అది పాత ఆకులా ఉండదు, సన్నగా, వేరే రంగులో వస్తుంది. మధ్యలో మొక్క చచ్చినట్టే కనిపించే రోజులు కొన్ని ఉంటాయి. మనుషులు చేసే తప్పులన్నీ ఆ రోజుల్లోనే చేస్తారు.

మా కొట్లో నాతో పాటు ఇంకొకాయన పనిచేసేవాడు. ఆయన గల్లా దగ్గర, నేను ఇళ్లకు పోయి తొట్టెలు అమర్చే పనిలో. ఆయనకు బతికున్న మొక్క అంటే పడదు. ప్లాస్టిక్ మొక్కలు దండలు దండలుగా వేలాడదీసి, "దీనికి మేత అక్కర్లే, చావు లేదు" అని అమ్మేవాడు. నాకేమో తొట్టి ముందు కూర్చుంటే లోకం తెలిసేది కాదు. నీళ్లలో ఆకు ఊగుతుంటే నా ఊపిరి కూడా దానితో పాటే నెమ్మదించేది. ఎవరైనా వచ్చి నా కోసం అడిగితే, "వాడు నీళ్లలోకి పోయి ఉండాడు, పైకి వచ్చినాక చెప్తా, కూర్చోండి" అని గిరాకీలకు చెప్పేవాడు ఆయన.

నేను చెప్పబోయేది ఉదయగిరి పక్క ఒక ఇంట్లో జరిగిన సంగతి. ఆత్మకూరు ఆసుపత్రిలో నర్సుగా చేసే ఒకామె ఒక మధ్యాహ్నం అట్టపెట్టె చంకన పెట్టుకుని కొట్టుకు వచ్చింది. ఫోన్లో వీడియోలు చూసి నీటిమొక్కలు తెప్పించిందట. అమ్మానాన్నల ఊరికి కొరియర్ సరిగా పోదని ఆత్మకూరు అడ్రసు ఇచ్చింది. పెట్టె విప్పితే తడిసిన పేపరు వాసన, లోపల నీరసంగా వాలిపోయిన గడ్డి రకాలు, పొడుగాకు రకాలు.

"మా నాయన జీవాల కాపరి అన్నా. గొర్రెల్ని తోలుకొని కొండ దిగతా జారి పడినాడు, తుంటి విరిగింది. నెల్లూరులో ఆపరేషన్ చేసినారు. ఎముక అతికింది గానీ మనిషి లేచేదానికి ఒప్పుకోడు. గోడపక్కకు తిరిగి పడుకుంటాడు. ఏం కావాల నాయనా అంటే, పచ్చిక కనపడాల అంటాడు. మా కిటికీలో నుంచి చూస్తే కనపడేది రాళ్లే. అందుకని ఇది తెప్పించినా" అంది.

తొట్టి, గులకరాళ్లు, డబ్బాల్లో నీళ్లు బస్సుకెక్కించి ఆమెతో పాటు బయల్దేరాను. ఆ పక్క బోరు నీళ్లు గిన్నెలకు తెల్లగా పేరుకుంటాయి, లేత వేళ్లకు మంచిది కాదు. అందుకని కొట్లో ఎప్పటినుంచో చేపలు తిరుగుతున్న తొట్టిలోని పాత నీళ్లు సగం కలుపుదామని తీసుకుపోయాను. కండక్టరు డబ్బాలు చూసి, "నీళ్లు మోసుకొని ఉదయగిరికి పోయేవాణ్ణి నిన్నే చూస్తా ఉండా" అన్నాడు. ఎండ తగ్గి, దూరంగా దుర్గం కొండ పొగమంచులో ఉన్నట్టు మసకగా కనిపిస్తుంటే నేను కిటికీ పక్కన సగం నిద్రలో ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకుని పోయాను.

ఇంట్లో పెద్దాయన గోడ వైపు తిరిగి మంచంలో ఉన్నాడు. భార్య, ఎండిన మనిషి, నాకు మంచినీళ్లిచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. నేను తొట్టి బల్ల మీద పెట్టి గులకరాళ్లు పోశాను. ఆ చప్పుడుకు ఆయన ఇటు తిరిగాడు.

"ఏందది?"

"గులక, పెద్దాయనా."

"అట్ట సమంగా పరిస్తే ఏం బాగుంటాది అబ్బయా. ఎడం పక్క ఎత్తు పెట్టు."

ఎత్తు పెట్టాను. ఇంకా పెట్టమన్నాడు. తర్వాత ఒక మూల లోతు చేయమన్నాడు. అది కోన అట. కోన పక్కన ఒక రాయి నిలబెట్టమన్నాడు. "మధ్యాన్నం జీవాలు ఆ రాయి కింద నీడకు పడుకుంటాయి. ఇంకొంచెం వాల్చు. ఆఁ, అదీ." నర్సమ్మ తల్లి ముఖం చూసింది, తల్లి కూతురి ముఖం చూసింది. ఆయన అన్ని మాటలు మాట్లాడి చాలా రోజులైందని నాకు తర్వాత చెప్పారు.

మొక్కల వేళ్లకు చుట్టిన పీచు విడదీసి, కుళ్లిన కొసలు తుంచి, పట్టకారుతో ఒక్కొక్కటే వాలులో గుచ్చాను. ఎక్కడ గడ్డి దట్టంగా ఉండాలో, ఎక్కడ బోడిగా ఉండాలో ఆయనే చెప్పాడు. సీతారామపురం పోయే దోవలో తాను తిరిగిన కొండవాలు అది. ఒక పళ్లెం అడ్డం పెట్టి దాని మీదుగా నీళ్లు నెమ్మదిగా పోశాను. కొండ అడుగు నుంచి మునుగుతూ వచ్చింది. వాలిపోయిన గడ్డి ఒక్కో వరుసే లేచి నిలబడింది. చివరికి కొట్టు నుంచి ఒక డబ్బాలో తెచ్చిన చేపపిల్లలను వదిలాను. అవి కాసేపు ఒక మూల ముద్దగా నిలబడి, తర్వాత వాలు వెంబడి మెల్లగా కిందికి దిగాయి.

"మంద దిగింది" అన్నాడు పెద్దాయన. అని కళ్లు మూసుకున్నాడు, ముఖం మాత్రం ఇటే ఉంది. కాసేపటికి భార్యను పిలిచి, "మన జీవాలు ఇప్పుడు యాడ ఉండాయి?" అని అడిగాడు. "సీతారామపురం పైన, మా తమ్ముడి దగ్గరే గదా. మేత బాగుండాదంట" అని ఆమె గబగబా చెప్పింది.

ఈ మొక్కల ఆకులు మొదట్లో పోతాయని నేను చెప్పబోతే నర్సమ్మ కళ్లతోనే వారించి నన్ను బయటికి తీసుకుపోయింది. బయట గొర్రెల దొడ్డి ఉంది. కంప తలుపు తెరిచే ఉంది. లోపల ఏమీ లేదు.

"అమ్మేసినాం అన్నా" అంది. "మేపేవాళ్లు లేరు. మామకు ఆయన జీవాలే ఎక్కువ. నాయన ఆసుపత్రిలో ఉన్నప్పుడే అమ్మేసినాం. ఆయనకు తెలిస్తే ఇంక లేవడు. రోజూ అడగతాడు, రోజూ అమ్మ ఒక అబద్ధం చెప్తాది. ఇప్పుడు ఈ గడ్డి గూడా పోతాదంటే నేను తట్టుకోలేను. నువ్వు ఏం చెప్పొద్దు."

నేను ఆమెకూ వాళ్ల అమ్మకూ మాత్రం వివరంగా చెప్పాను. వరినారు నాటిన కొత్తల్లో ఎర్రబడి, వేరు పట్టుకుని మూన తిరిగాక పచ్చబడుతుంది కదా, ఇదీ అంతే, కాకపోతే ఆకు మొత్తం పోతుంది, వేరు కదపొద్దు అన్నాను. తలలూపారు. తల ఊపడం వేరు, కళ్లెదుట పచ్చిక కుళ్లుతుంటే ఊరుకోవడం వేరు. ఇది మీకు కూడా అనుభవంలోకి వస్తుంది.

అనుకున్నట్టే కొద్దిరోజులకు నర్సమ్మ తల్లి, ఆ పెద్దమ్మ, ఫోన్ చేసింది. "నాయనా, నీళ్లు చెడిపోయినాయి, తొందరగా రా" అంది. పోయి చూస్తే తొట్టి నిండా కషాయం. కొండ లేదు, కోన లేదు. ఆకులు కరుగుతుంటే చూసి పెద్దాయన నేలకు సత్తువ చాలలేదనుకున్నాడట. ఆయన మంద ఉన్న రోజుల్లో పెద్ద రైతులు తమ చేలో మంద కట్టమని కబురు మీద కబురు పెట్టేవాళ్లట. గొర్రెలు రాత్రంతా పడుకుని లేచిన చేనుకు ఇంక వేరే ఎరువు అక్కర్లేదు. ఆ లెక్కన తొట్టిలో గుప్పెడు గొర్రె పెంటికలు వేయమన్నాడు.

"మన దొడ్లోవి తెచ్చి చూపించి వెయ్యి అన్నాడు" అని పెద్దమ్మ నా చెవిలో చెప్పింది. "దొడ్లో యాడ ఉండాయి నాయనా. పక్కింటోళ్ల దొడ్లో ఎత్తుకొచ్చినా. చేతిలో పట్టుకొని చాలాసేపు చూసినాడు. చూసి, వెయ్యి అన్నాడు. వేసినా."

నేను ఈ పనిలో ఎన్నో చూశాను. తొట్టిలో పసుపు వేసినవాళ్లు, తులసితీర్థం పోసినవాళ్లు, చేపలకు ఇడ్లీ పెట్టినవాళ్లు. పెంటికలు మాత్రం అదే మొదలు. నవ్వు ఆపుకోలేక బయటికి పోయి నవ్వి వచ్చాను. రెండు మూడు చేపలు పోయాయి, మిగిలినవాటిని గిన్నెలోకి తీసి, నీళ్లు తోడి, గులక మీది కసువు గొట్టంతో లాగేసి మళ్లీ నింపాను. పెద్దాయన అంతసేపూ నన్ను చూస్తూనే ఉన్నాడు, ఒక్క మాట అనలేదు. జీవాలు యాడ ఉండాయని కూడా అడగలేదు. తన వైద్యం వికటించినందుకు సిగ్గుపడుతున్నాడేమో అనుకున్నాను.

తర్వాత సోమశిల పక్క ఒక స్కూల్లో పెద్ద తొట్టి పని పడి నేను కొట్టుకు సరిగా పోలేదు. తిరిగి వచ్చేసరికి గల్లా దగ్గర వేలాడే ప్లాస్టిక్ దండల్లో కొన్ని ఖాళీ అయ్యాయి. ఎవరు తీసుకుపోయారని అడిగితే గల్లా ఆయన తల వంచుకుని డబ్బులు సర్దడం మొదలుపెట్టాడు.

"ఆ నర్సమ్మకు ఇచ్చినావా?"

"ఏడస్తా వచ్చిందిరా. వాళ్ల నాయన మళ్లీ గోడపక్కకు తిరిగినాడంట. ఆకులు మొత్తం పోయినాయంట. నేనేం చెయ్యాల? పచ్చగా ఉండేది అడిగింది, పచ్చగా ఉండేది ఇచ్చినా."

కోపం వచ్చింది గాని, ఆయన చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి నాకు ఏమీ దొరకలేదు. ఏడుస్తున్న మనిషికి ఓపిక పట్టమని చెప్పడం కంటే ఏదో ఒకటి చేతిలో పెట్టడం తేలిక. మర్నాడు ఉదయం బస్సుకు ఉదయగిరి పోయాను.

ఇల్లు చేరేసరికి పెద్దమ్మ గుమ్మంలోనే నిలబడి, మాట్లాడొద్దన్నట్టు వేలు పెదాల మీద పెట్టింది. నర్సమ్మకు సెలవేమో, ఇంట్లోనే ఉంది. తొట్టి ధగధగలాడుతోంది. కొండంతా ఒకే పచ్చదనం. ఎండ కిటికీలోంచి పడి గోడ మీద నీటి నీడలు కదులుతున్నాయి. నిజం చెప్పాలంటే ఆ క్షణం అది అందంగానే ఉంది. గడప దాటి లోపలికి పోతే నీళ్ల అడుగున ఉన్న ఊళ్లోకి పోయినట్టుంది.

పెద్దాయన గోడవైపు తిరిగి లేడు. దిండ్లు ఆనుకుని కూర్చుని తొట్టినే చూస్తున్నాడు.

"వచ్చినావా అబ్బయా. రా, కూర్చో. ఒక మాట అడగతా. ఈ గడ్డి ఏం గడ్డి?"

నేను పెద్దమ్మ వైపు చూశాను.

"ఆమెను చూడొద్దు. తొట్టిని చూసి చెప్పు. మూడు పూటలుగా చూస్తా ఉండా. ఒక్క చేప గూడా దాన్ని కొరకలే. పక్కన నిలబడటం లేదు, కింద దూరడం లేదు. మంద వాలని పచ్చికేంది?"

ఆయన గొంతు పెంచలేదు. "ఇంట్లో వాళ్లు నేను బాధపడతానని చెప్పరు. నువ్వు బయటోడివి. నేను దగ్గరుండి నాటించిన గడ్డి బతికుండాదా, చచ్చిపోయిందా?"

నేను పనివాణ్ణి. ఇంటివాళ్లు మాట్లాడవద్దంటే నోరు మూసుకుని పోవడమే మా మర్యాద. కాని ఆయన అడిగింది గొర్రెల గురించి కాదు, నా మొక్కల గురించి. దానికి కూడా జవాబు చెప్పకపోతే ఇన్నేళ్లు నేను చేసిన పనికి అర్థం లేదనిపించింది.

"ఆకులు పోయినాయి పెద్దాయనా" అన్నాను. "పోతాయని నాకు ముందే తెలుసు. ఇవి గాలిలో పెరిగిన ఆకులు, నీళ్లలో నిలబడవు. వేరుకు బలముంటే నీళ్లలో బతికే ఆకు మళ్లీ వేస్తాది. బలం ఉందో లేదో చూడాల."

చొక్కా చెయ్యి పైకి మడిచి ప్లాస్టిక్ మొక్కలను ఒక్కొక్కటే తీసి బయట పెట్టాను. ఒక్కోటి తీస్తుంటే కొండ బోడి అవుతూ వచ్చింది. నర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతా తీశాక నీళ్లు తేరుకునేదాకా ఆగాం. అక్కడక్కడా నల్లబడిన కాడలు మిగిలాయి. ఇంక లేదేమో అని నేనూ అనుకున్నాను, దాచను. అప్పుడు రాయి పక్కన, కోన అంచున, గులకలోంచి గోరంత మొలక కనిపించింది. లేత ఎరుపు. పక్కన ఇంకొకటి. నేను టార్చి వేసి చూపించాను.

పెద్దాయన మెడ చాచి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత భార్యను పిలిచాడు.

"ఏమే. ఇంత మాత్రం చెప్పేదానికి మీకేమైంది? పోతాది, మళ్లా వస్తాది అంటే నేను కాచుకోనా? ఎన్ని ఎండాకాలాలు కాచుకోలేదు నేను?"

"నువ్వు బెంగపడతావని..."

"జీవాలు గూడా ఇట్నే గదా. అమ్మేసినారు గదా."

పెద్దమ్మ నిలబడ్డచోటే కూలబడింది. నర్సమ్మ ఏదో చెప్పబోతే ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు.

"నువ్వు తెచ్చి నా చేతిలో పోసినావే పెంటికలు, అవి గొర్రెలవి కాదు. మేకలవి. నా మందలో మేక లేదు. ఆ పొద్దే తెలిసిపోయింది. మీరు చెప్తారేమో అని చూస్తా ఉండా. ఇంక ఒకటి చెప్పండి. అమ్మింది కోతకా, మేతకా?"

అడిగి మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాడు. పెంటికలు చూసిన పొద్దు నుంచి ఆయన గోడవైపు తిరిగి పడుకుని మోసింది ఈ ఒక్క ప్రశ్ననే అని అప్పుడు మా అందరికీ అర్థమైంది. అడిగితే ఏ జవాబు వస్తుందోనన్న భయంతో, వాళ్లు చెప్పే అబద్ధాన్ని కూడా ఆయన కాదనలేకపోయాడు.

"మేతకే నాయనా" అంది నర్సమ్మ ఏడుస్తూ. "కొండాపురం పక్క కాపరికి. కోతకు అడిగినోళ్లు వచ్చినారు, అమ్మ ఇయ్యలే. మంద మొత్తం ఒకటిగా తోలిచ్చినాం, ఒక్కదాన్ని గూడా విడదీయలే. నీ మీద ఒట్టు."

ఆయన పట్టె వదిలి దిండుకు ఆనుకున్నాడు. "సంగటి ఉంటే పెట్టు" అన్నాడు భార్యతో. ఆమె లేవలేకపోతే నర్సమ్మే పోయి పెట్టింది. నేను తొట్టి లైటు తగ్గించి, చేతులు తుడుచుకుని, అక్కడే నేల మీద కూర్చుని వాళ్లతో పాటు తిన్నాను. ప్లాస్టిక్ మొక్కలను సంచిలో వేసుకొచ్చి కొట్లో గల్లా ఆయన ముందు పోస్తే, ఆయన ఏమీ అడగకుండా మళ్లీ దండకు గుచ్చుకున్నాడు.

ఆ తర్వాత మొక్కలకు నేను చేసింది పెద్దగా ఏమీ లేదు. కొత్త ఆకు సన్నగా, కొంచెం ఎరుపు తిరిగి వచ్చింది. వానలు పడేసరికి వాలు మొత్తం అల్లుకుంది. చేపలు దాని కింద దూరి పిల్లలు కూడా పెట్టాయి. పెద్దాయన కర్ర పట్టుకుని మంచం నుంచి తొట్టి దాకా, తొట్టి నుంచి గుమ్మం దాకా నడవడం మొదలుపెట్టాడు. నేను పని ఉన్నా లేకపోయినా ఆ దోవన పోయినప్పుడల్లా ఆగేవాణ్ణి. ఇద్దరం మాటల్లేకుండా తొట్టి ముందు కూర్చునేవాళ్లం. ఎవరం ముందు కునుకు తీసేవాళ్లమో చెప్పలేను.

ఒకసారి అట్లా కూర్చున్నప్పుడే, కొండాపురం పోయి జీవాలను చూడాలన్నాడు. నర్సమ్మ సెలవు పెట్టి ఆటో మాట్లాడింది, నన్నూ రమ్మన్నారు. వానలు ఆగి నేలంతా పచ్చబడిన రోజులు. ఊరు దాటాక ఒక బీడు పక్కన ఆటో ఆగింది. కొంచెం దూరంలో మంద ఉంది. కొత్త కాపరి భుజాన కంబళితో చెట్టు కింద నిలబడి మర్యాదగా చెయ్యెత్తాడు.

పెద్దాయన దిగలేదు. ఆటోలోంచే మెడ బయటికి పెట్టి మందను ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. తర్వాత నాలుక అంగిటికి కొట్టి, గొంతులోంచి ఒక పిలుపు పిలిచాడు. ఎన్ని ఏళ్లు ఆ పిలుపుకు ఆ మంద కొండ దిగి వచ్చిందో. గాలి మా వైపు నుంచే అటు వీస్తోంది. మంద మేస్తూనే ఉంది. ఒక్కటీ తల ఎత్తలేదు.

పెద్దాయన ముఖం చూసే ధైర్యం లేక కొండల వైపు చూస్తున్నాను.

"ఇంకోసారి పిలువు నాయనా, వినపడలేదేమో" అంది నర్సమ్మ మెల్లగా.

"వినపడిందిలే అమ్మా" అన్నాడు ఆయన. "మేత బాగుంటే తల ఎత్తవు. ఆటో తిప్పమను."